యాప్ చూపిన 78 సంగతి తర్వాత, ముందు మీ గొంతును మీ గొంతుతోనే పోల్చండి

కొత్తగా చదివేవారి కోసం మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతాను. మీకు 34 ఏళ్లు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఉద్యోగుల ఆరోగ్యం కోసమంటూ మీ సంస్థ ఒక యాప్ ఇచ్చింది. రోజూ అందులో అరనిమిషం మాట్లాడితే మీ ఒత్తిడి నూటికి ఎంతో చూపిస్తుంది. ఒక రాత్రి అమెరికా బృందంతో కాల్ ముగిశాక 78 వచ్చింది. పది నిమిషాలు ధ్యానం చేసి మళ్లీ మాట్లాడితే 71. రెండు రోజుల తర్వాత జలుబు చేసి, సెలవు పెట్టి, ఇంట్లో హాయిగా పడుకున్న రోజున 83. గొంతును బట్టి ఒత్తిడి నిజంగా తెలుస్తుందా, తెలిస్తే ఇంట్లో మనమే కొలుచుకోవచ్చా, ధ్యానం పనిచేస్తోందో లేదో దానితో తేల్చుకోవచ్చా అని అడిగారు.

నేను వాక్ చికిత్స నిపుణురాలిని. ఇరవై రెండేళ్లుగా గొంతు దెబ్బతిన్న ఉపాధ్యాయులు, గాయకులు, కాల్ సెంటర్ ఉద్యోగులు, అర్చకుల మధ్యనే గడుపుతున్నాను. గొంతును కొలవడం నాకు రోజువారీ పని. మీ మూడు ప్రశ్నలకూ అవుననే నా జవాబు. అయితే మీ యాప్ చేస్తున్న పద్ధతిలో కాదు. గొంతు చెప్పేది "నిన్నటి మీతో పోలిస్తే ఇవాళ్టి మీరు ఎలా ఉన్నారు" అన్న సంగతి. లోకంలో అందరికీ కలిపి గీసిన ఒకే కొలబద్ద మీద మీరు ఎక్కడున్నారో చెప్పమంటే తడబడుతుంది. జలుబు రోజున 83 ఎందుకు వచ్చిందో ఈ ఒక్క తేడా తెలిస్తే అర్థమవుతుంది.

ముందు గొంతు లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

స్వరపేటికలో రెండు స్వరతంత్రులు ఉంటాయి. పేరు తంత్రులే గానీ నిజానికి అవి తీగలు కావు, కండరం మీద మెత్తటి పొర కప్పుకున్న రెండు మడతలు. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలి వాటి మధ్య నుంచి దూసుకుపోతుంటే అవి కలుస్తూ విడిపోతూ కంపిస్తాయి. మామూలుగా మాట్లాడేటప్పుడు మగవారిలో సెకనుకు సుమారు 100 నుంచి 130 సార్లు, ఆడవారిలో 180 నుంచి 220 సార్లు. దీన్నే హెర్ట్జ్‌లలో చెబుతాం. మడతలను సాగదీస్తే కంపనం పెరిగి గొంతు హెచ్చుతుంది. సాగదీసే ముఖ్యమైన కండరం క్రికోథైరాయిడ్. గొంతు ముందు చేతికి తగిలే గట్టి ముడికి కొంచెం కింద ఉంటుంది. దానికి ఆదేశాలు తెచ్చేది వేగస్ నాడి శాఖ. గుండె వేగాన్ని తగ్గించేదీ, కడుపును నడిపించేదీ ఆ వేగస్ నాడే. కాబట్టి లోపలి కలవరానికీ గొంతుకూ ఉన్న సంబంధం శరీర నిర్మాణంలోనే ఉంది.

భయమో కంగారో కలిగినప్పుడు మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. ఊపిరి పైపైన ఆడుతుంది, కాబట్టి మాటకు కావలసిన గాలి చాలదు. మెడ కండరాలు బిగుసుకుని స్వరపేటికను పైకి లాగుతాయి. లాలాజలం తగ్గి నోరు తడారిపోతుంది, స్వరతంత్రుల మీది తడి కూడా తగ్గుతుంది. వీటి ఫలితం బయటికి వినిపిస్తుంది. గొంతు కొంచెం హెచ్చుతుంది, మాట వేగం మారుతుంది, ఊపిరి కోసం వాక్యం నడుమ అసందర్భంగా ఆగుతాం. "గొంతు పెగల్లేదు", "గొంతు పూడుకుపోయింది", "గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది" అని మనవాళ్లు అనేవి అలంకారాలు మాత్రమే కావు. లోపల జరిగేదాన్ని ఉన్నదున్నట్టు చెప్పిన మాటలు. మన అలంకారికులు ఎనిమిది సాత్త్విక భావాలు లెక్కపెట్టారు. చెమట, గగుర్పాటు, వణుకు, కన్నీరు వంటివాటి వరుసలో స్వరభేదాన్నీ కలిపారు. నటుడు కావాలని చేసే ఆంగిక, వాచికాల నుంచి వీటిని విడదీసి, లోపలి స్థితి నుంచి వాటంతట అవే పుట్టుకొచ్చేవిగా చూశారు. గొంతు మారడాన్ని చెమటతో ఒకే గాటన కట్టడం ఎంత సూక్ష్మమైన పరిశీలనో, ఈ వృత్తిలో ఉన్నదాన్ని కాబట్టి నాకు తెలుసు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఉన్నత పాఠశాలలో గణితం చెప్పే ఒక టీచర్ నా దగ్గరికి వచ్చారు. మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోతోందని ఫిర్యాదు. స్వరతంత్రుల మీద కాయలు లేవని ఈఎన్‌టీ డాక్టర్ చూసి పంపారు. కూర్చోబెట్టి, పాఠ్యపుస్తకంలోని ఒక పేరా చదివించి రికార్డు చేశాను. సగటున 208 హెర్ట్జ్. ఆ తర్వాత "రేపు మీ బడికి తనిఖీ వస్తోందనుకోండి, ఏం సిద్ధం చేసుకోవాలో నాకు చెప్పండి" అన్నాను. తనిఖీ నిజంగానే ఆ వారంలో ఉందట, అది నాకు తెలియదు. ఆమె చెప్పడం మొదలుపెట్టగానే నా వేలి కింద స్వరపేటిక పైకి జరిగింది. చెవి వెనక నుంచి కాలర్ బోన్ దాకా దిగే మెడ కండరం తాడులా బిగిసింది. రికార్డింగులో 236 హెర్ట్జ్. సంగీతం తెలిసినవారి లెక్కలో చెప్పాలంటే రెండు స్వరస్థానాల పైచిలుకు పైకి వెళ్లింది. షడ్జమంలో ఉండవలసిన మనిషి చతుశ్రుతి రిషభం దాటి మాట్లాడుతున్నారన్నమాట. ఆమెకు మాత్రం తేడా తెలియలేదు. తిరిగి వినిపిస్తే "ఇది నా గొంతేనా మేడమ్?" అని అడిగారు. పెదవులు మూసి "మ్..." అని నెమ్మదిగా పలికే అభ్యాసం పది నిమిషాలు చేయించి, ముందు చదివిన పేరానే మళ్లీ చదివిస్తే 204.

నాకు అక్కరకొచ్చింది 236 అన్న అంకె కాదు. 208 నుంచి 236కు ఎక్కడం, అక్కడి నుంచి దిగడానికి పట్టిన సమయం. మరొక స్త్రీకి 236 మామూలు గొంతే కావచ్చు.

ఈ సంగతిని పరిశోధకులు కూడా చాలా ముందే గమనించారు. 1937 మే 6న అమెరికాలోని లేక్‌హర్స్ట్‌లో హిండెన్‌బర్గ్ అనే పెద్ద గాలి ఓడ దిగుతూ దిగుతూ మంటల్లో చిక్కుకుంది. 36 మంది చనిపోయారు. హెర్బర్ట్ మారిసన్ అనే రేడియో విలేఖరి అక్కడే నిలబడి వర్ణిస్తూ రికార్డు చేస్తున్నాడు. మంట లేచే ముందు మాటలూ, లేచిన తర్వాత మాటలూ ఒకే డిస్కు మీద ఉన్నాయి. కార్ల్ విలియమ్స్, కెనెత్ స్టీవెన్స్ దాన్ని విశ్లేషించి 1972లో ప్రచురించారు. ప్రమాదం తర్వాత గొంతు హెచ్చింది, ఎగుడుదిగుళ్లు పెరిగాయి. డిస్కు ఆ రోజు కొంచెం నెమ్మదిగా తిరగడం వల్ల, తిరిగి వినిపించినప్పుడు మారిసన్ గొంతు అసలు కన్నా సన్నగా వస్తుందని తర్వాత తేలింది. అంటే హెర్ట్జ్ అంకె తప్పు. అయినా ముందుకూ వెనకకూ తేడా మాత్రం చెడలేదు, ఎందుకంటే మనిషి ఒకడే, డిస్కు ఒకటే. మీరు ఇంట్లో కొలుచుకునేటప్పుడు దీన్ని గుర్తుపెట్టుకోండి. మీ ఫోను మైకు గొప్పది కానక్కరలేదు, రోజూ అదే అయితే చాలు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం, ఎందుకంటే మీ ప్రశ్న కింద ఒకరు "గొంతుతో అబద్ధాలు కూడా పట్టేస్తారు కదా" అని రాశారు. 1970ల తొలినాళ్లలో అమెరికాలో గొంతును బట్టి అబద్ధం పట్టే యంత్రాలంటూ అమ్మకాలు మొదలయ్యాయి. చేయి చాచి పట్టుకుంటే కండరాల్లో సెకనుకు 8 నుంచి 12 సార్లు సన్నటి వణుకు ఉంటుంది, అది నిజమే. ఒత్తిడిలో ఆ వణుకు గొంతులో మాయమవుతుందనీ, దాన్ని యంత్రం పట్టేస్తుందనీ వాదించారు. 1981లో షిప్, ఇజ్‌డెబ్‌స్కీ అనే ఇద్దరు స్వరపేటిక కండరాల సంకేతాలనే నేరుగా నమోదు చేసి చూస్తే ఆ వణుకు కనబడనే లేదు. ఓక్లహోమా జైలులో, అరెస్టయినవారిని మత్తుమందుల గురించి అడిగి, మూత్ర పరీక్షతో పోల్చి చూసిన అధ్యయనం 2008లో వెలువడింది. అబద్ధం చెప్పినవారిలో ఈ యంత్రాలు పట్టుకున్నది సుమారు 15 శాతం మందిని. మొత్తం మీద బొమ్మా బొరుసా వేసినదానికన్నా మెరుగేమీ లేదు. నిజం చెబుతూ వణికేవాళ్లూ, అబద్ధం చెబుతూ తొణకనివాళ్లూ మన కళ్ల ముందే ఉన్నారు. గొంతులో హెచ్చిన శ్రుతికి కారణం ఏమిటో గొంతు చెప్పలేదు. ఎవరైనా అలా చెప్పే యంత్రం ఉందంటే నమ్మకండి, ముఖ్యంగా ఒకరి ఉద్యోగమో పరువో దాని మీద ఆధారపడినప్పుడు.

ఇక మీ యాప్. అలాంటివి ఎలా తయారవుతాయో కొంత తెలిస్తే మీకే అర్థమవుతుంది. వేల రికార్డింగులు తీసుకుని, ఒక్కొక్క దానికి "ఇది ఒత్తిడి, ఇది ప్రశాంతం" అని చీటీ అంటించి, కంప్యూటర్‌కు నేర్పుతారు. ఆ చీటీ ఎవరు, దేన్ని బట్టి అంటించారన్న దాని మీద అంతా ఆధారపడి ఉంటుంది. ఉద్వేగాల గుర్తింపులో చాలాకాలంగా వాడుతున్న, బెర్లిన్‌లో తయారైన రికార్డింగుల సేకరణలో గొంతులు పదిమంది నటులవి. మన తెలుగులోనూ అలాంటిది ఉంది. ఖరగ్‌పూర్ ఐఐటీ వారు విజయవాడ ఆకాశవాణి కళాకారులు పదిమందితో, ఐదుగురు పురుషులు, ఐదుగురు స్త్రీలతో, 15 తెలుగు వాక్యాలను ఎనిమిది ఉద్వేగాలలో పలికించి 12,000 రికార్డింగులు సేకరించారు. పరిశోధనకు అమూల్యమైన పని అది, తెలుగువారిగా గర్వించదగినది. అయితే ఆకాశవాణి కళాకారుడు అభినయించిన భయం శ్రోతకు చేరాలన్న భయం. రాత్రి పదకొండున్నరకు క్లయింటు ఎదుట మీరు దాచుకుంటున్న భయం అందుకు పూర్తిగా విరుద్ధం. ఒకటి బయటికి చూపడానికి పుట్టింది, రెండోది బయటపడకుండా అణచిపెట్టింది. మొదటిదానితో నేర్చుకున్న యంత్రం రెండోదాన్ని గుర్తుపడుతుందని నేను హామీ ఇవ్వలేను.

జలుబు రోజున 83 వచ్చిందన్నారు కదా. జలుబు చేస్తే స్వరతంత్రులు వాచి, బరువెక్కి, సమంగా కంపించవు. ఒక కంపనానికీ మరొక కంపనానికీ వ్యవధి మారిపోతుంది, గట్టిదనం మారిపోతుంది. ఈ ఒడిదుడుకులను చాలా యాప్‌లు ఒత్తిడి లక్షణాల్లో కలిపి లెక్కిస్తాయి. అంతేకాదు, ఫ్యాన్ చప్పుడులోనో ట్రాఫిక్ పక్కనో మాట్లాడితే మనకు తెలియకుండానే గొంతు పెంచుతాం. ఫ్రెంచి వైద్యుడు లొంబార్ 1911లోనే ఇది చూపించారు. గొంతు పెరిగితే శ్రుతి కూడా పెరుగుతుంది. రోజంతా మాట్లాడినవారికి సాయంత్రానికి శ్రుతి ఉదయం కన్నా హెచ్చుగా ఉండటం ఉపాధ్యాయుల్లో నేను నిత్యం చూసేదే, అది పని అలసట. నెలసరి, థైరాయిడ్, కడుపులో పుల్లటి రసం పైకి తన్నడం, ఇవన్నీ గొంతును మారుస్తాయి. 78కి 71కి నడుమ ఉన్న తేడా ధ్యానం వల్ల వచ్చిందా, లేక రెండోసారి ఫోను కొంచెం దూరంగా పెట్టి మాట్లాడటం వల్ల వచ్చిందా అన్నది ఆ అంకె చెప్పదు.

ఇంకొకటి, అన్నిటికన్నా ముఖ్యమైనది. గొంతు ప్రధానంగా చూపేది లోపల ఎంత ఉద్రేకం ఉందన్నది. అది మంచి ఉద్రేకమా చెడ్డదా అన్నది అంత సులువుగా చూపదు. కొడుకు ఉద్యోగం వార్త విన్న తల్లి గొంతు, ఆస్పత్రి నుంచి ఫోను వచ్చిన తల్లి గొంతు శ్రుతిలో ఒకేలా హెచ్చవచ్చు. దీనికి రెండో వైపు ఇంకా ప్రమాదకరం. ఒకసారి ఒక యువకుణ్ణి వాళ్ల అన్నయ్య తీసుకువచ్చారు, "మాట సరిగా వినపడటం లేదు" అని. 104 హెర్ట్జ్ దగ్గర, ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా, వాక్యానికీ వాక్యానికీ నడుమ పెద్ద ఖాళీలతో చదివాడు. శ్రుతి తక్కువ, వేగం తక్కువ, గట్టిదనం తక్కువ. లెక్కలు మాత్రమే చూస్తే సంపూర్ణ విశ్రాంతి. ఆ అబ్బాయి నెలరోజులుగా నిద్రపోలేదు, అన్నం సయించడం లేదు. అది కుంగుబాటు. నేను ఆ రోజే మానసిక వైద్యుల దగ్గరికి పంపాను. ప్రశాంతమైన గొంతుకూ ఉత్సాహం ఇంకిపోయిన గొంతుకూ తేడా సాగే తీరులో ఉంటుంది. ప్రశాంతంగా ఉన్నవారి మాటలో శ్రుతి కిందికి దిగినా పైకీ కిందికీ కదులుతూనే ఉంటుంది, ప్రశ్న ప్రశ్నలా వినిపిస్తుంది, "అవునా!" అన్నప్పుడు ఆశ్చర్యం ఉంటుంది. కుంగిన గొంతులో ఆ కదలిక పోతుంది.

ఇప్పుడు ఇంట్లో కొలుచుకునే పద్ధతి. నేను నా దగ్గరికి వచ్చేవారికి చెప్పేదే చెబుతున్నాను.

ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ బోర్స్మా, డేవిడ్ వేనింక్ తయారుచేశారు, ఉచితం. మీకు కంప్యూటర్ నిత్యకృత్యమే కాబట్టి గంటలో అలవాటవుతుంది. ఒక ఐదారు వాక్యాల పేరా ఎంచుకోండి. మనసును కదిలించేది వద్దు. ఇంట్లో ఉన్న ఏ వస్తువు వాడే విధానమో, బస్సు వేళల ప్రకటనో, అలాంటిది. రోజూ అదే పేరా. అదే గది, ఫ్యాన్ ఆపి, ఫోను నోటికి జానెడు దూరంలో, నోటికి సూటిగా కాకుండా కొంచెం పక్కగా. వాట్సాప్ సందేశంగా పంపుకున్న రికార్డింగు వద్దు, అది ధ్వనిని కుదించేస్తుంది. ఫోన్ కాల్ రికార్డింగు అసలు వద్దు. పాత టెలిఫోను పద్ధతిలో 300 హెర్ట్జ్ కింద ధ్వని సరిగా చేరదు, మీ అసలు శ్రుతి 120 దగ్గర ఉంటుంది మరి. ఫోనులోనే రికార్డర్‌తో కుదింపు లేని ఫైలుగా దాచుకోండి. గట్టిదనాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఫోన్లు వాటంతట అవే మైకును పెంచి తగ్గించుకుంటాయి, ఆ అంకెకు విలువ లేదు.

ప్రాట్‌లో శ్రుతి వెతికే హద్దులు మగవారైతే 75 నుంచి 300గా పెట్టండి. లేకపోతే అది అప్పుడప్పుడు సగమో రెట్టింపో లెక్కపెట్టి మిమ్మల్ని హడలగొడుతుంది. సగటు బదులు మధ్యమ విలువ (మీడియన్) రాసుకోండి. అలాంటి తప్పుడు లెక్కలు ఒకటీ అరా దొర్లినా దానికి పెద్దగా నష్టం రాదు. దానితోపాటు మరో రెండు రాయండి: పేరా పూర్తి చేయడానికి ఎన్ని సెకన్లు పట్టింది, మధ్యలో ఎన్నిసార్లు ఊపిరి పీల్చారు. ఈ ఊపిరి లెక్కను చాలామంది వదిలేస్తారు. నాకు మాత్రం ఇదే ఎక్కువ నమ్మకం. ప్రశాంతంగా ఉన్నప్పుడు మనిషి వాక్యం చివర ఊపిరి తీసుకుంటాడు. కంగారులో ఉన్నవాడు కర్తకూ క్రియకూ మధ్య తీసుకుంటాడు.

పది రోజుల పాటు, ఏ ప్రత్యేకతా లేని రోజుల్లో, ఒకే వేళకు చేయండి. జలుబు రోజులు కొట్టేయండి. ఉదాహరణకు మీకు 115 నుంచి 121 మధ్య అంకెలు వచ్చాయనుకోండి. మీ గొంతు మామూలుగా ఊగే మేర అది. ఏదో ఒక రోజు 120 వచ్చిందని కంగారుపడనక్కరలేదు. 128 వస్తే, అదీ ఊపిరి లెక్క పెరిగిన రోజునే వస్తే, అది మాట్లాడుకోవలసిన తేడా. ఆరు శాతం పెరిగితే ఒక స్వరస్థానం హెచ్చినట్టు, గుర్తుకు అది చాలు.

కంప్యూటర్ దగ్గర కూర్చునే ఓపిక లేని రోజులకు ఒక చిట్కా. చిన్నప్పుడు కథ వింటూ ఊఁ కొట్టేవాళ్లం కదా. ఆలోచించకుండా, పెదవులు మూసి, "ఊఁ" అనండి. ఏ ప్రయత్నం లేకుండా వచ్చే ఆ ధ్వని మీ సహజ శ్రుతికి చాలా దగ్గరగా ఉంటుంది. మా వృత్తిలో రోగి సహజ శ్రుతిని వెతకడానికి వాడే పాత పద్ధతే ఇది. వాద్యాలు శ్రుతి చేసుకునే యాప్ ఏదైనా తెరిచి ఆ ఊఁ ఎక్కడ పడిందో చూసి రాసుకోండి. కాల్‌కు ముందు ఒకటి, కాల్ ముగిసిన వెంటనే ఒకటి. అయితే అంకె చూస్తూ ఊఁ అనకండి. చూస్తే దాన్ని కిందికి దింపాలనిపిస్తుంది, అప్పుడు మీరు కొలిచేది మీ పట్టుదలను.

ధ్యానం పనిచేస్తోందా అన్న ప్రశ్నకు ఇక్కడికి వచ్చాం. చాలామంది ధ్యానం ముగిసిన మరుక్షణం కొలుస్తారు. పది నిమిషాలు నోరు మూసుకుని కూర్చున్న ఎవరి గొంతైనా కొంత దిగుతుంది, అది విశ్రాంతి తీసుకున్న గొంతు. నేను చూసేది మరొకటి. కలత కలిగించిన సంఘటన తర్వాత గొంతు తన మామూలు మేరకు దిగడానికి ఎన్ని నిమిషాలు తీసుకుంటోంది? ఆ టీచర్ మొదట్లో తనిఖీ మాట ఎత్తితే దాదాపు నలభై నిమిషాల దాకా పైనే ఉండేవారు. రెండు నెలల అభ్యాసం తర్వాత కూడా తనిఖీ పేరు చెబితే గొంతు హెచ్చేది, దానికి నేనేం చేయగలను, ఆ భయానికి కారణం బడిలో ఉంది. కానీ పది నిమిషాల్లో దిగేది. ఆ నెలలోనే మధ్యాహ్నపు బొంగురు కూడా తగ్గింది. మీరూ అలాగే చూడండి. కాల్ ముగిసిన వెంటనే, పదిహేను నిమిషాలకు, ముప్పై నిమిషాలకు మూడు ఊఁలు. మూడు వారాలు ధ్యానం లేకుండా, మూడు వారాలు ధ్యానంతో. రెండింటిలో దిగే సమయం మారితే మీకు జవాబు దొరికినట్టే.

అన్నట్టు, ధ్యానానికి కూర్చోలేనివారికి గొంతునే వాడి విశ్రాంతి పొందే దారి ఉంది. 2001లో ఇటలీ పరిశోధకులు 23 మంది ఆరోగ్యవంతులతో జపమాల ప్రార్థన, ఒక బౌద్ధ మంత్రం పలికించి చూశారు. రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి ఆరు సార్లకు దగ్గరగా వచ్చింది. ఆ వేగంలో గుండె లయ, రక్తపోటును సర్దే వ్యవస్థ చక్కగా పొందికగా కుదురుతాయి. మన ఇళ్లలో పెద్దవాళ్లు సహస్రనామం చదివేటప్పుడు గమనించండి, ఒక శ్లోకానికి ఒక ఊపిరి, లేదా పాదానికి ఒక గుక్క. ఆ చదువులో నిదానం ఉన్నప్పుడే ఈ లాభం. ఆఫీసుకు ఆలస్యమవుతోందని గబగబా అప్పజెప్పినప్పుడు ఊపిరి ఎగపోస్తుందే తప్ప దిగదు. నమ్మకం లేనివారు భ్రామరి ప్రాణాయామంలోలా "మ్" అనుకోవచ్చు, లేదా సన్నటి స్ట్రా పెదవుల మధ్య పెట్టుకుని అందులోంచి "ఊ" అని ఊదుతూ పలకవచ్చు. స్ట్రా వల్ల నోటిలో ఏర్పడే వెనుక ఒత్తిడి స్వరతంత్రులను ఒకదానితో ఒకటి గట్టిగా కొట్టుకోకుండా ఆపుతుంది. గాయకులకు, ఉపాధ్యాయులకు నేను మొదట నేర్పే అభ్యాసం ఇదే.

మీరు అడగకపోయినా మీ యాప్ గురించి ఒక మాట చెప్పాలి. ఆ అంకె మీకు మాత్రమే కనిపిస్తోందా, మీ సంస్థకూ వెళుతోందా? రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. పనిచేసే చోట, బడుల్లో మనుషుల ఉద్వేగాలను గొంతు వంటి వాటి నుంచి ఊహించే వ్యవస్థలను ఐరోపా సమాఖ్య నిషేధించింది. వైద్యానికీ భద్రతకూ మాత్రమే మినహాయింపు. 2025 ఫిబ్రవరి నుంచి అమలవుతోంది. ఇంత అస్థిరమైన కొలతతో ఉద్యోగిని అంచనా వేయడం అన్యాయమన్నది నా గట్టి అభిప్రాయం. మీ గొంతు రికార్డింగు మీ వేలిముద్ర లాంటిది. ఇవ్వకపోతే ఏమవుతుందని అడిగే హక్కు మీకుంది.

చివరిగా, మీ సందేశంలో మధ్యలో రాసిన ఒక వాక్యం నన్ను ఆపింది: "ఈ మధ్య కాల్ తర్వాత రెండింటి దాకా నిద్ర పట్టడం లేదు." ఏ అంకెకన్నా ఈ వాక్యమే నాకు ఎక్కువ చెప్పింది. కాల్ వేళ మార్చమని మీ మేనేజర్‌ను అడిగే వీలుందేమో ముందు చూడండి. ఈ నిద్రలేమి ఇంకో రెండు వారాలు ఇలాగే సాగితే గొంతు కొలతలు పక్కన పెట్టి డాక్టర్‌ను కలవండి. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. జలుబు తగ్గినా బొంగురు మూడు వారాలు దాటి ఉంటే ఈఎన్‌టీకి చూపించుకోండి, దాన్ని ఒత్తిడి ఖాతాలో వేయకండి. పది రోజుల మామూలు అంకెలూ, ఒక కాల్ రాత్రి తీసిన మూడు ఊఁలూ రాసి ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.